ఒకే మాత్ర, రెండు రకాల ఫలితాలు: కొలెస్ట్రాల్ మందు ఆడవాళ్ల మీద తక్కువ పనిచేస్తుందా?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పేస్తాను, ఇదే సందేహం ఉన్న మిగతావాళ్లకూ అర్థమవుతుంది. మీకు 53 ఏళ్లు, మీవారికి 57. ఇద్దరూ రోజూ స్టాటిన్ రకం కొలెస్ట్రాల్ మందు అటోర్వాస్టాటిన్ 20 మి.గ్రా. వేసుకుంటున్నారు. మీవారి ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, 160 నుంచి 88కి దిగింది. మీది 158 నుంచి 116కి వచ్చి ఆగిపోయింది. పైగా మీకు పిక్కలు, తొడలు లాగుతున్నాయి. నొప్పి ఎక్కువగా ఉన్న రోజు మాత్ర వేసుకోవడం లేదు. "స్టాటిన్లు మగవాళ్లను చూసి తయారు చేసినవి, ఆడవాళ్లకు పెద్దగా పనిచేయవు" అని బంధువులొకరు చెప్పారు. మానేయనా అని అడిగారు.

మానేయకండి. మీ కాళ్ల నొప్పులను తేలిగ్గా తీసుకుని అంటున్న మాట కాదిది. వాటి గురించి కింద వివరంగా రాశాను. కానీ "ఆడవాళ్లకు పనిచేయదు" అన్న ఆ ఒక్క మాట నమ్మి, గుండెపోటు వచ్చి స్టెంట్ వేయించుకున్నవాళ్లు కూడా మందు పక్కన పెట్టేయడం చాలాసార్లు చూశాను. అందుకే సమాధానం కాస్త పెద్దదైనా ఓపిగ్గా చదవమని కోరుతున్నాను.

ఆ మాట ఊరికే పుట్టలేదు. 1994లో వెలువడిన ఫోర్ ఎస్ పరిశోధనలో 4,444 మంది గుండె జబ్బు రోగులు పాల్గొన్నారు. వారిలో ఆడవాళ్లు 827 మందే. సిమ్వాస్టాటిన్ వేసుకున్నవాళ్లలో మరణాలు తగ్గాయని మొట్టమొదట గట్టిగా రుజువైంది ఆ పరిశోధనతోనే. ఆడవాళ్లలో కూడా గుండెపోటు లాంటివి మూడో వంతు దాకా తగ్గాయి. అయితే వాళ్లలో చనిపోయినవారి సంఖ్య రెండు వైపులా అతి తక్కువ. కాబట్టి మరణాల లెక్కలో తేడా కనబడలేదు. మరుసటి ఏడాది స్కాట్లాండ్ నుంచి వచ్చిన మరో పెద్ద పరిశోధనలో 6,595 మంది ఉన్నారు, ఒక్క మహిళ కూడా లేరు. ఆధారం ఇంత పల్చగా ఉన్న రోజుల్లో "ఆడవాళ్ల సంగతి ఇంకా తేలలేదు" అనడం న్యాయమే. ఆ మాటే చేతులు మారుతూ "ఆడవాళ్లకు పనిచేయదు" అయి కూర్చుంది. తేలకపోవడం వేరు, పనిచేయకపోవడం వేరు.

ఇప్పుడు తేలింది కూడా. 2015లో 27 పరిశోధనల్లోని సుమారు 1,74,000 మంది వివరాలను ఒకచోట పోసి విశ్లేషించారు. వాళ్లలో 46,000 పైచిలుకు మహిళలు. ఎల్‌డీఎల్ ఒక మిల్లీమోల్, అంటే మన రిపోర్టుల లెక్కలో దాదాపు 39 పాయింట్లు తగ్గితే గుండెపోటు, పక్షవాతం, గుండె రక్తనాళాలకు చేయించుకోవాల్సిన చికిత్సలు కలిపి మగవాళ్లలో 22 శాతం, ఆడవాళ్లలో 16 శాతం తగ్గాయి. ఆడవాళ్లలో వయసు, షుగర్, బీపీ లాంటి తేడాలను లెక్కలోకి తీసుకుని చూస్తే ఆ వ్యత్యాసం పెద్దగా మిగల్లేదు. మరణాల్లో తగ్గుదల ఇద్దరిలోనూ ఇంచుమించు ఒక్కటే: మగవాళ్లలో 10 శాతం, ఆడవాళ్లలో 9. అంతకుముందు 2008లో రోసువాస్టాటిన్ మీద జరిగిన జూపిటర్ పరిశోధనలో 6,801 మంది మహిళలున్నారు, ఎవరికీ అప్పటికి గుండె జబ్బు లేదు. అందులోనూ ప్రయోజనం మగవాళ్లకు ఎంతో ఆడవాళ్లకూ అంతే.

ఇక్కడ ఒక చిక్కుంది, అది మీ దాకా ఎవరూ తీసుకొచ్చి ఉండరు. ఈ శాతాలు ఎవరికి వారికి ఉన్న ముప్పులో తగ్గే వంతులు. ఆడవాళ్లకు గుండె జబ్బు సగటున మగవాళ్ల కంటే ఏడు నుంచి పదేళ్లు ఆలస్యంగా వస్తుంది. కాబట్టి ఏ జబ్బూ లేని 45 ఏళ్ల మహిళకు వచ్చే పదేళ్లలో ఉన్న ముప్పు సాధారణంగా తక్కువ, అందులో నాలుగో వంతు తగ్గించినా చేతికొచ్చేది కొంచెమే. అదే గుండెపోటు వచ్చిన మహిళకైతే ముప్పు పెద్దది, దక్కే లాభమూ పెద్దది. ఎవరికి మందు ఇవ్వాలన్న ప్రశ్నకు జవాబు ఆ ముప్పు ఎంతుందన్న దాన్ని బట్టి ఉంటుంది. పేరు ముందు శ్రీ ఉందా, శ్రీమతి ఉందా అన్నది చూసి కాదు.

ఇక మీ రిపోర్టు దగ్గరికి వద్దాం. 158 నుంచి 116 అంటే 27 శాతం తగ్గినట్టు. అటోర్వాస్టాటిన్ 20 మి.గ్రా.కి మామూలుగా 40 శాతం పైన తగ్గాలి. మీవారిది 45 శాతం తగ్గింది. చూడగానే మందు మీ మీద సగమే పనిచేసినట్టు కనిపిస్తుంది. కానీ మీరు రాసిన వాటిలో రెండు సంగతులు నాకు కీలకంగా తోచాయి.

మొదటిది తేదీలు. ఆ 158 మూడేళ్ల కిందటి పరీక్ష అన్నారు. నెలసరి ఆగిపోయి రెండేళ్లు అయిందన్నారు. మందు మొదలెట్టింది ఆర్నెల్ల కిందట. ఈస్ట్రోజెన్ ఉన్నన్నాళ్లూ కాలేయం మీద ఎల్‌డీఎల్‌ను పట్టి లోపలికి లాగే గ్రాహకాలు ఎక్కువగా ఉంటాయి. ఆ హార్మోన్ తగ్గేసరికి అవీ తగ్గుతాయి, రక్తంలో ఎల్‌డీఎల్ పేరుకుంటుంది. మెనోపాజ్ చుట్టూ ఉండే ఆ కొద్ది సంవత్సరాల్లో ఎల్‌డీఎల్ 10 నుంచి 15 శాతం దాకా పెరగడం సహజం. అంటే మందు మొదలుపెట్టే నాటికి మీ ఎల్‌డీఎల్ 158 కాదు, 178 దగ్గర ఉండి ఉండొచ్చు. 178 నుంచి 116కి అంటే 35 శాతం తగ్గినట్టు. మీరు దిగిన మెట్లు మీవారికంటే మరీ తక్కువేమీ కాదు, మీరు మొదలుపెట్టిన మెట్టు మీరనుకున్న దానికంటే పైన ఉంది. మగవాళ్లలో ఇలా రెండు మూడేళ్లలో ఒక్కసారిగా మారే ఘట్టం లేదు కాబట్టి వాళ్ల పాత రిపోర్టుతో పోల్చినా పెద్ద తప్పు రాదు. 48 నుంచి 55 మధ్య వయసు మహిళలకు పాత రిపోర్టును పక్కన పెట్టి, మందు మొదలెట్టే వారంలోనే పరీక్ష చేయించమని నేను పట్టుబట్టేది ఇందుకే.

రెండోది మీరు వదిలేస్తున్న మాత్రలు. అటోర్వాస్టాటిన్ పని సగానికి తగ్గడానికే దాదాపు 20 నుంచి 30 గంటలు పడుతుంది, కాబట్టి ఒక్కరోజు మరచిపోతే కొంప మునగదు. వారంలో రెండు మూడు రోజులు పోతే మాత్రం ఆ ఖాళీ రిపోర్టులో కనబడుతుంది. మిగిలిన తేడాలో ఎక్కువ భాగం దీనిదే అని నా అంచనా.

మరి శరీరాల మధ్య అసలు తేడాయే లేదా? ఉంది. ఆడవాళ్ల సగటు బరువు తక్కువ, కొవ్వు పాలు ఎక్కువ, మూత్రపిండాలు వడపోసే వేగం కొంత తక్కువ, కొన్ని మందులను విరిచే కాలేయ ఎంజైములు కొంత చురుకు. ఇవి ఒకదాన్నొకటి కొంతవరకు కొట్టేసుకుంటాయి. అటోర్వాస్టాటిన్ రక్తంలో చేరే గరిష్ఠ స్థాయి ఆడవాళ్లలో సుమారు 20 శాతం ఎక్కువ, కానీ రోజు మొత్తం మీద శరీరానికి అందేది 10 శాతం తక్కువ. చివరికి ఎల్‌డీఎల్ తగ్గుదలలో చెప్పుకోదగ్గ తేడా రాదు. పిటావాస్టాటిన్‌లో తేడా ఇంకా ఎక్కువ, మహిళల రక్తంలో అది సగానికి పైగా ఎక్కువ చేరుతుంది. చిన్న ఒడ్డూపొడుగూ ఉన్న మహిళకు, 70 దాటినవారికి అందరితోపాటు పెద్ద మోతాదు రాసేయకూడదని నేననేది ఇలాంటివి చూసే. మోతాదు రెట్టింపు చేస్తే ఎల్‌డీఎల్‌లో అదనంగా కలిసొచ్చేది 6 శాతమే. సైడ్ ఎఫెక్టుల అవకాశం మాత్రం అంతకు మించి పెరుగుతుంది.

మీ కాళ్ల నొప్పుల సంగతి. స్టాటిన్ వల్ల కండరాల ఇబ్బంది వచ్చే అవకాశం ఆడవాళ్లలో, పెద్ద వయసువాళ్లలో, సన్నగా ఉన్నవాళ్లలో, థైరాయిడ్ తక్కువగా ఉన్నవాళ్లలో ఎక్కువ. ఇది నిజం. "అంతా మీ ఊహ" అని ఆడవాళ్ల నొప్పిని కొట్టిపారేసే డాక్టర్లంటే నాకు కోపం. అదే సమయంలో ఇంకో నిజమూ చెప్పాలి. 2022లో, ఖాళీ మాత్రతో పోల్చిన 19 పరిశోధనల్లోని సుమారు 1,24,000 మంది వివరాలు విశ్లేషిస్తే, స్టాటిన్ వేసుకున్నవాళ్లలో 27.1 శాతం మంది కండరాల నొప్పి ఉందన్నారు. ఏ మందూ లేని ఖాళీ మాత్ర వేసుకున్నవాళ్లలో 26.6 శాతం మంది అదే మాట అన్నారు. నొప్పి నిజమే, కారణం మాత్రం పదింట తొమ్మిదికి పైగా సందర్భాల్లో వేరేది. మందు వల్లే వచ్చే నొప్పి ప్రధానంగా మొదటి ఏడాదిలో కనబడింది, ఆ తర్వాత రెండు వైపులా తేడా లేదు.

మీ నొప్పి ఏ కోవలోకి వస్తుందో తెలుసుకోవడానికి కొన్ని గుర్తులున్నాయి. మందు నొప్పి సాధారణంగా రెండు కాళ్లలోనూ సమానంగా, తొడలు, పిరుదులు, పిక్కల్లాంటి పెద్ద కండరాల్లో ఉంటుంది. మొదలెట్టిన కొన్ని వారాల్లోనో, మోతాదు పెంచాకనో వస్తుంది. ఆపితే కొద్ది వారాల్లో తగ్గుతుంది, మళ్లీ మొదలెడితే తిరిగొస్తుంది. ఒక్క కాలే లాగడం, కీలు దగ్గర పట్టేయడం, నడుము నుంచి కిందికి జరజరా పాకడం స్టాటిన్ లక్షణాలు కావు. మూత్రం ముదురు గోధుమరంగులోకి మారినా, కుర్చీలోంచి లేవలేనంత నీరసం వచ్చినా ఆ రోజే మాత్ర ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. అది చాలా అరుదు, కానీ ఎదురుచూసే విషయం కాదు.

నా అనుభవంలో మీ వయసు మహిళల్లో అందరూ మరచిపోయే పరీక్ష టీఎస్‌హెచ్. థైరాయిడ్ మందగించడం ఆడవాళ్లలో మగవాళ్ల కంటే చాలా ఎక్కువ. అది మందగిస్తే ఎల్‌డీఎల్ పెరుగుతుంది, మందుకు లొంగదు, కండరాలు నొప్పులు పెడతాయి, స్టాటిన్ ఆ నొప్పిని మరింత పెంచుతుంది. మీరు రాసిన రెండు ఇబ్బందులకూ అదొక్కటే కారణం కావచ్చు. మీ రిపోర్టుల్లో ఆ పరీక్ష కనబడలేదు. ముందు అది చేయించండి. దానితోపాటు సీకే కూడా, అంటే కండరాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్ పరీక్ష. సీకే విలువ మామూలుగానే ఆడవాళ్లలో మగవాళ్ల కంటే తక్కువ ఉంటుంది, కాబట్టి మహిళలకు వేసిన హద్దుతోనే పోల్చి చూడమనండి. మీరు వాడే ఇతర మందుల జాబితా కూడా చూపించండి. క్లారిత్రోమైసిన్, ఇట్రాకొనజోల్ లాంటివి అటోర్వాస్టాటిన్‌ను రక్తంలో బాగా పెంచుతాయి.

షుగర్ గురించి కూడా భయపెట్టే మాటలు వినే ఉంటారు. స్టాటిన్లు షుగర్ వచ్చే అవకాశాన్ని కొంచెం పెంచుతాయి. తక్కువ, మధ్యస్థ మోతాదుల్లో దాదాపు 10 శాతం, పెద్ద మోతాదుల్లో 36 శాతం అని 2024లో వచ్చిన విశ్లేషణ తేల్చింది. అయితే ఇలా షుగర్ తేలినవాళ్లలో ఎక్కువమంది అప్పటికే గీత అంచున ఉన్నవాళ్లు. జూపిటర్‌లో ఈ పెరుగుదల ఆడవాళ్లలో కాస్త ఎక్కువ కనబడింది. గర్భంతో ఉన్నప్పుడు షుగర్ వచ్చినవారు, పీసీఓఎస్ (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య) ఉన్నవారు ఏటా హెచ్‌బీఏ1సీ, అంటే మూడు నెలల షుగర్ సగటు, చూసుకుంటే చాలు. మందు ఆపే కారణం కాదిది.

మిగతా మందుల్లో కథ ఒక్కో తీరుగా ఉంది. ఎజెటిమైబ్ ఇద్దరికీ ఒకేలా ఎల్‌డీఎల్ తగ్గిస్తుంది. ఇంజెక్షన్లుగా ఇచ్చే ఎవొలోకుమాబ్, అలిరోకుమాబ్ లాంటివి ఆడవాళ్లలో ఎల్‌డీఎల్‌ను కాస్త తక్కువ తగ్గించినా గుండెపోట్ల తగ్గుదలలో ఇద్దరికీ తేడా లేదు. బెంపెడోయిక్ ఆమ్లం చురుకైన రూపం దాల్చేది కాలేయంలోనే, కండరంలో కాదు. స్టాటిన్ తట్టుకోలేనివాళ్ల మీద 2023లో దాన్ని పరీక్షించినప్పుడు 13,970 మందిలో 48 శాతం మహిళలే. ఈ రంగంలో ఆడవాళ్లకు సగం చోటు దక్కడం ఎంత అరుదో తెలిసినవాడిగా నాకది నిజంగా సంతోషాన్నిచ్చింది. దానితో యూరిక్ ఆమ్లం పెరుగుతుంది, గౌట్ ఉన్నవాళ్లు చూసుకోవాలి.

ట్రైగ్లిజరైడ్లను (రక్తంలోని మరో రకం కొవ్వు) తగ్గించే ఫెనోఫైబ్రేట్ మాత్రం ఆడా మగా తేడాల గురించి తొందరపడి తీర్పులు ఇచ్చేవాళ్లకు చూపించాల్సిన మందు. 2005లో వచ్చిన ఫీల్డ్ పరిశోధనను తర్వాత ఆడవాళ్లకూ మగవాళ్లకూ విడదీసి చూస్తే, మహిళల్లో గుండె, రక్తనాళాల జబ్బులు 30 శాతం, మగవాళ్లలో 13 శాతం తగ్గినట్టు కనిపించింది. 2010 నాటి అకార్డ్ పరిశోధనలో అందరూ సిమ్వాస్టాటిన్ మీదే ఉన్నారు. సగం మందికి అదనంగా ఫెనోఫైబ్రేట్ ఇచ్చారు. అక్కడ కథ తలకిందులైంది. మగవాళ్లలో గుండెపోటు లాంటివి 13.3 నుంచి 11.2 శాతానికి దిగాయి. ఆడవాళ్లలో 6.6 నుంచి 9.1కి పెరిగాయి. ఒకే మందు, ఇద్దరూ షుగర్ ఉన్నవాళ్లే, ఫలితాలు ఎదురెదురు. పెద్ద గుంపును చిన్న ముక్కలుగా కోసి చూస్తే ఇలాంటివి వస్తూనే ఉంటాయి. ఒక్క పరిశోధనలోని ఒక్క ముక్క పట్టుకుని "ఆడవాళ్లకు మంచిది", "ఆడవాళ్లకు చెడ్డది" అనేవాళ్ల మాట నమ్మడానికి ముందు ఇది గుర్తుంచుకోండి.

ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ ఉన్న మహిళలకు ఒక మాట. నోటితో తీసుకునే ఈస్ట్రోజెన్ మాత్రలు, రొమ్ము క్యాన్సర్‌కు వాడే టామాక్సిఫెన్ ట్రైగ్లిజరైడ్లను బాగా పెంచగలవు. కొలెస్ట్రాల్ మందు రాసే డాక్టర్‌కు వీటి సంగతి చెప్పడం తప్పనిసరి. మెనోపాజ్ తర్వాత హార్మోన్లు వేసుకుంటే కొలెస్ట్రాల్‌కు విడిగా మందు అక్కర్లేదన్న ఆశ ఒకప్పుడు ఉండేది. 1998లో, 2002లో వచ్చిన పెద్ద పరిశోధనలు ఆ ఆశను తుడిచేశాయి. ఎల్‌డీఎల్ తగ్గింది, గుండెపోట్లు తగ్గలేదు.

పిల్లల్ని కనే వయసులో ఉన్న ఆడవాళ్లకూ మగవాళ్లకూ మధ్య తేడా మాత్రం చాలా పెద్దది. గర్భం రాగానే సాధారణంగా స్టాటిన్ ఆపేస్తారు, పాలిచ్చినన్నాళ్లూ మళ్లీ మొదలెట్టరు. పొరపాటున తొలి వారాల్లో వేసుకున్నా బిడ్డకు పెను ప్రమాదమని బెంబేలెత్తక్కర్లేదు. అమెరికా ఎఫ్‌డీఏ 2021లో గట్టి నిషేధ హెచ్చరికను తీసేసింది, ఎక్కువమంది ఆపడమే మంచిదన్న సలహాను మాత్రం ఉంచింది. వంశపారంపర్యంగా పుట్టుకతోనే ఎల్‌డీఎల్ అధికంగా ఉండే కుటుంబాల్లో ఇది చిన్న విషయం కాదు. రెండు కాన్పులు, వాటి ముందు ప్రయత్నాలు, తర్వాత పాలివ్వడం అన్నీ కలిపితే ఆ యువతి చాలా ఏళ్లు మందు లేకుండా గడుపుతుంది. అదే జబ్బున్న ఆమె అన్నదమ్ములకు ఆ విరామం ఉండదు. కాన్పు తర్వాత మందు ఎప్పుడు మళ్లీ మొదలెట్టాలో గర్భం దాల్చకముందే తేదీతో సహా రాసిపెట్టుకోవాలి. లేకపోతే ఎవరూ గుర్తుచేయరు.

అసలు ఆడవాళ్లలో ఫలితం తక్కువ కనబడటానికి అన్నిటికంటే పెద్ద కారణం మందు వాళ్ల దాకా చేరకపోవడం. 2019లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో, స్టాటిన్ అవసరమైన మగవాళ్లలో 78.4 శాతం మందికి అది అందింది, ఆడవాళ్లలో 67 శాతానికే. తగినంత మోతాదు అందింది మగవాళ్లలో 45.2 శాతానికి, ఆడవాళ్లలో 36.7 శాతానికి. డాక్టర్ అసలు ఆ మందు మాటే ఎత్తలేదన్న ఆడవాళ్లు 18.6 శాతం. మొదలుపెట్టి మధ్యలో ఆపేసినవారు మగవాళ్లలో 6.1 శాతమైతే ఆడవాళ్లలో 10.9. ఇలా అరకొరగా అందే మందు అరకొరగానే ఫలితమిస్తుంది. దాన్ని పట్టుకుని మళ్లీ "చూశారా, ఆడవాళ్లకు పనిచేయదు" అంటారు.

ఇప్పుడు మీరు చేయాల్సింది. ఈ వారం టీఎస్‌హెచ్, సీకే, హెచ్‌బీఏ1సీ చేయించండి. టీఎస్‌హెచ్ ఎక్కువుంటే థైరాయిడ్‌కు మందు మొదలెట్టి, అది కుదురుకున్నాక కొలెస్ట్రాల్ మళ్లీ చూడాలి. అన్నీ మామూలుగా ఉంటే మీ డాక్టర్‌తో మాట్లాడి మాత్ర నాలుగు వారాలు ఆపి చూడండి. గుండెపోటు, స్టెంట్ లాంటివి మీకు లేవన్నారు కాబట్టి ఈ విరామం మీకు ప్రమాదం కాదు. అవి ఉన్నవాళ్లు మాత్రం ఇది చదివి సొంతంగా ఆపొద్దు. ఆ నాలుగు వారాలూ రోజూ పడుకునే ముందు నొప్పికి సున్నా నుంచి పదిలోపు ఒక అంకె రాసుకోండి. నాలుగో వారం చివర లిపిడ్ (కొలెస్ట్రాల్) పరీక్ష చేయించండి. తర్వాత రోసువాస్టాటిన్ 5 మి.గ్రా.తో మొదలెట్టి, ఇంకో నాలుగు వారాలు అదే పుస్తకంలో రాయండి. మందు పేరు మారడంతోనే తట్టుకోగలిగినవాళ్లు చాలామంది ఉన్నారు. గర్భిణిగా ఉన్నప్పుడు బీపీ బాగా పెరిగిందా, నలభైలోపే నెలసరి ఆగిపోయిన చరిత్ర ఇంట్లో ఉందా అన్నవి కూడా డాక్టర్‌కు చెప్పండి. మొదటిది మీ ముప్పు అంచనాను నేరుగా పెంచుతుంది, చాలామంది డాక్టర్లు అడగరు.

మందు ఒక్కరోజు కూడా వదలకుండా ఆరు నుంచి ఎనిమిది వారాలు వేసుకున్నాక లిపిడ్ పరీక్ష చేయించండి. అప్పటికీ అనుకున్నంత దిగకపోతే మోతాదు పెంచడం కంటే ఎజెటిమైబ్ 10 మి.గ్రా. కలపడమే మీకు నప్పుతుందని నా అభిప్రాయం. ఎల్‌డీఎల్ ఇంకో 20 శాతం దాకా దిగుతుంది, కండరాల మీద భారం పెరగదు. నొప్పి అంకెల పుస్తకం, కొత్త రిపోర్టు రెండూ మీ డాక్టర్ ముందు పెట్టండి. ఈసారి మీవారి రిపోర్టుతో కాకుండా, మందు ఆపిన నాలుగో వారం చివర చేయించిన మీ సొంత రిపోర్టుతో పోల్చి చూడమనండి.